అయిదుసార్లు షిఫ్ట్ నొక్కితే

విండోస్ ఆపరేటింగ్ సిస్టమ్‌తో నడిచే కంప్యూటరులో షిఫ్ట్ కీని వెంటవెంటనే అయిదుసార్లు నొక్కితే, ఒక కూత వినబడి, చేస్తున్న పనికి అడ్డంగా చిన్న పెట్టె ఒకటి తెరుచుకుని, స్టికీ కీస్ అనే సదుపాయాన్ని ఆన్ చేయాలా అని అడుగుతుంది. కుడివైపు షిఫ్ట్‌ను ఎనిమిది సెకన్లపాటు నొక్కి పట్టుకుంటే ఫిల్టర్ కీస్ గురించి, నమ్ లాక్‌ను అయిదు సెకన్లు పట్టుకుంటే టోగుల్ కీస్ గురించి, ఎడమ ఆల్ట్, ఎడమ షిఫ్ట్, నమ్ లాక్ మూడింటినీ కలిపి నొక్కితే మౌస్ కీస్ గురించి ఇటువంటి ప్రశ్నే వస్తుంది. ఆట మంచి పట్టులో ఉండగానో, డిజైను పని సగంలో ఉండగానో, ఉత్తరం టైపు చేస్తూ తరువాతి వాక్యం కోసం ఆలోచిస్తుండగానో ఈ పెట్టె ఎదురైనవారికి అదేమిటో తెలియదు, తెలుసుకునే తీరికా ఉండదు కనుక, చేతికి అందిన బటన్ ఏదో నొక్కి దాన్ని వదిలించుకుంటారు. నొక్కినది 'ఎస్' అయితే అసలు ఇబ్బంది అక్కడి నుంచి మొదలవుతుంది. ఈ విసుగు న్యాయమైనదే. అయితే దానికి కారణం సదుపాయంలోనే ఉందా, దాన్ని పిలిచే పద్ధతిలో ఉందా, లేక ఆ ప్రశ్న అడిగే తీరులో ఉందా అన్నది విడదీసి చూడకపోతే, ఆపవలసినదాన్ని వదిలేసి, ఉండవలసినదాన్ని ఆపేసే ప్రమాదం ఉంది.

కీబోర్డులోని కీలన్నీ ఒకే రకానివి కావు. అక్షరాల కీ నొక్కితే అక్షరం పడుతుంది. షిఫ్ట్, కంట్రోల్, ఆల్ట్, విండోస్ గుర్తు ఉన్న కీ మాత్రం ముఖ్యంగా మరో కీ అర్థాన్ని మార్చడానికే ఉన్నాయి. వీటిని మాడిఫయర్ కీలు అంటారు. కంట్రోల్‌ను పట్టుకుని సి నొక్కితే కాపీ, కంట్రోల్‌ను పట్టుకుని వి నొక్కితే పేస్ట్ జరుగుతాయి. ఇక్కడ 'పట్టుకుని' అన్నదే కీలకం, ఎందుకంటే ఒక వేలు ఒక కీ మీద నిలిచి ఉండగా ఇంకో వేలు ఇంకో కీని నొక్కగలగాలి. పక్షవాతంతో ఒక చెయ్యి పడిపోయినవారికి, ప్రమాదంలో చెయ్యి కోల్పోయినవారికి, సెరిబ్రల్ పాల్సీ వల్ల వేళ్లు స్వాధీనంలో లేనివారికి, నోట పట్టుకున్న పుల్లతో ఒక్కొక్క కీని తాకుతూ టైపు చేసేవారికి ఇది సాధ్యం కాదు. స్టికీ కీస్ ఆన్‌లో ఉంటే షిఫ్ట్‌ను ఒకసారి నొక్కి వదిలేసినా, ఆ తరువాత నొక్కిన కీ వరకు అది నొక్కి ఉన్నట్టే లెక్క. రెండుసార్లు నొక్కితే మళ్లీ నొక్కేదాకా బిగుసుకుని ఉంటుంది. ఏకకాలంలో చేయవలసిన పనిని ఒకదాని తరువాత ఒకటిగా చేసే వీలు కల్పించడమే దీని ప్రయోజనం.

రెండు మూడు కీలను ఒకేసారి నొక్కే పద్ధతి సౌకర్యం కోసమే కాక భద్రత కోసం కూడా వచ్చిందని చెప్పడానికి కంట్రోల్, ఆల్ట్, డిలీట్ కలయిక చరిత్ర చాలు. ఐబీఎం సంస్థ 1981లో విడుదల చేసిన పర్సనల్ కంప్యూటరును రూపొందించిన బృందంలో డేవిడ్ బ్రాడ్లీ అనే ఇంజినీరు, కంప్యూటరును కట్టేయకుండా తిరిగి మొదలుపెట్టడానికి తొలుత కంట్రోల్, ఆల్ట్, ఎస్కేప్ కీలను ఎంచుకున్నాడు. మూడూ కీబోర్డుకు ఎడమవైపే ఉండటం వల్ల పొరపాటున చెయ్యి తగిలితే చేసిన పనంతా పోయే అవకాశం ఉందని గుర్తించి, ఎస్కేప్‌కు బదులు కుడివైపు దూరంగా ఉన్న డిలీట్‌ను పెట్టారు. అంటే రెండు చేతులూ వాడితే తప్ప పడకూడదన్నది అక్కడ ఉద్దేశపూర్వకమైన నిర్ణయం. పొరపాటు జరగకుండా కట్టిన ఆ గోడే ఒంటిచేత్తో పనిచేసే మనిషికీ గోడ అయింది. తరువాతి కాలంలో విండోస్ ఎన్‌టీ ఆ మూడు కీల కలయికనే లోపలికి ప్రవేశించే ద్వారంగా మార్చినప్పుడు, అటువంటి మనిషి పాస్‌వర్డు వరకు కూడా చేరుకోలేని పరిస్థితి ఏర్పడింది. అనుకోకుండా జరగకూడదన్న జాగ్రత్తకూ అందరికీ అందాలన్న కోరికకూ మధ్య ఉన్న ఈ పేచీ, ఇక్కడ చర్చిస్తున్న సమస్య అంతటికీ మూలం.

ఈ పేచీని తీర్చే ప్రయత్నం అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో, మాడిసన్ నగరంలో జరిగింది. సెరిబ్రల్ పాల్సీ వల్ల మాట్లాడలేని ఒక బాలుడికి తన మనసులోని మాట తెలియజేసే సాధనం తయారుచేయాలన్న విద్యార్థుల పూనికతో మొదలై, 1971లో గ్రెగ్ వాండర్‌హైడెన్ నెలకొల్పిన ట్రేస్ పరిశోధన కేంద్రం, పర్సనల్ కంప్యూటర్లు వచ్చాక వాటి కీబోర్డు మీద దృష్టి పెట్టింది. ఈ రంగంలో పుట్టిన సదుపాయాలు 1980ల చివరికల్లా ఆపిల్ మాకింతోష్‌లో ఈజీ యాక్సెస్ పేరుతోను, 1990ల ఆరంభంలో ట్రేస్ రూపొందించగా ఐబీఎం పంపిణీ చేసిన యాక్సెస్‌డాస్ పేరుతోను అందుబాటులోకి వచ్చాయి. విండోస్ తొలి వెర్షన్లకు వేరుగా తెచ్చి కలుపుకోవలసిన ప్యాకేజీగా ఉన్నవి, 1995లో వచ్చిన విండోస్ 95 నాటికి ఆపరేటింగ్ సిస్టమ్‌లోనే అంతర్భాగమయ్యాయి. విడిగా కొనవలసిన అవసరం గాని, ఎవరినో అడిగి వేయించుకోవలసిన అవసరం గాని లేకుండా, ఏ ఊళ్లో ఏ బల్ల మీద ఉన్న కంప్యూటరులోనైనా ఇవి ముందే ఉండటం చిన్న విజయం కాదు.

సదుపాయం లోపల ఉన్నంత మాత్రాన సరిపోదు, దాన్ని మేల్కొలిపే దారి కూడా ఉండాలి. రెండు కీలు కలిపి నొక్కలేని వ్యక్తికి, రెండు కీలు కలిపి నొక్కితే ఈ సహాయం వస్తుందని చెప్పడంలో అర్థం లేదు. మౌస్ పట్టుకోలేని వ్యక్తిని మెనూల లోతుల్లోకి వెళ్లి వెతుక్కోమనడమూ అంతే. అందువల్ల పిలుపు ఒకే కీతో, ఒకే వేలితో, పక్కవారి సాయం లేకుండా జరగాలి. అదే సమయంలో మామూలుగా టైపు చేసేవారి చేతిలో అది పొరపాటున పడకూడదు. కలయిక కుదరదు కాబట్టి రూపకర్తలు లెక్కను, కాలాన్ని ఆశ్రయించారు. షిఫ్ట్ ఒక్కటే నొక్కితే ఆనాటి ప్రోగ్రాముల్లో సాధారణంగా ఏమీ జరిగేది కాదు. మధ్యలో మరే కీ తాకకుండా దాన్ని అయిదుసార్లు నొక్కవలసిన పని టైపింగులో రాదు. 1878 నాటి రెమింగ్టన్ రెండవ నమూనా టైప్‌రైటరుతో ప్రచారంలోకి వచ్చిన ఈ కీ, నూరేళ్లకు పైగా పెద్దక్షరం వేయడానికి పట్టుకునే కీగానే ఉండిపోయింది కనుక, ఆ అంచనా ఆ కాలానికి చాలా తెలివైనదని ఒప్పుకోవాలి.

అంచనా తప్పలేదు, కాలం మారింది. తుపాకీ పట్టుకుని పరిగెత్తే ఆటలు వచ్చాక, ఎడమచేతి వేళ్లు డబ్ల్యూ, ఎ, ఎస్, డి కీల మీద నడకను నడుపుతుంటే చిటికెన వేలి కిందికి వచ్చే ఎడమ షిఫ్ట్‌కు చాలా ఆటల్లో పరుగు పని అప్పగించారు. ఆగిన మనిషిని మళ్లీ మళ్లీ ఉరికించాలంటే షిఫ్ట్‌ను టకటకా నొక్కవలసిందే. ఫొటోలు దిద్దే ప్రోగ్రాముల్లోను, బొమ్మలు గీసే ప్రోగ్రాముల్లోను గీత వంకర పోకుండా ఉండటానికి, వరుసలో ఉన్న వస్తువులను ఒక్కొక్కటిగా ఎంచుకోవడానికి షిఫ్ట్‌ను పట్టుకుని మౌస్‌తో క్లిక్ చేయడం నిత్యకృత్యమైంది. మౌస్ క్లిక్ ఉన్నా కీబోర్డు వరకు చూస్తే అక్కడ జరిగినది షిఫ్ట్‌ను పదేపదే నొక్కి వదలడమే. ఆలోచిస్తూ వేలితో ఏదో ఒక కీని తడుతూ కూర్చునే అలవాటు ఉన్నవారు, అక్షరం పడని కీ కదా అని షిఫ్ట్‌నే ఎంచుకోవడం కూడా సహజమే. ఏమీ చేయని కీ అన్న ఊహ మీద నిలబెట్టిన పిలుపు, ఆ కీకి చేతినిండా పని దొరికేసరికి అస్తమానం మోగడం మొదలుపెట్టింది.

పెట్టె అడిగినప్పుడు పొరపాటున 'ఎస్' పడితే ఏమవుతుందో తెలుగు టైపింగులో చూస్తే బాగా బోధపడుతుంది. ప్రభుత్వ ప్రమాణంగా ఉన్న ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డులో ఒక కీ మామూలుగా నొక్కితే అల్పప్రాణం, షిఫ్ట్‌తో నొక్కితే మహాప్రాణం వచ్చే ఏర్పాటు చాలా అక్షరాలకు ఉంది: కె కీ మీద క, ఖ; ఐ కీ మీద గ, ఘ; ఎల్ కీ మీద త, థ. మ ఉన్న కీ మీదే ణ, ల ఉన్న కీ మీదే ళ ఉంటాయి. స్టికీ కీస్ ఆన్ అయి, షిఫ్ట్ రెండుసార్లు పడి బిగుసుకుని ఉన్నప్పుడు 'కమల' అని టైపు చేస్తే తెర మీద 'ఖణళ' అని పడుతుంది. షిఫ్ట్ మీద చెయ్యి లేదు, క్యాప్స్ లాక్ దీపమూ వెలగడం లేదు కాబట్టి టైపు చేస్తున్న మనిషి ఫాంటు చెడిందనో, వైరస్ చేరిందనో అనుకుంటాడు. కంట్రోల్ బిగుసుకుంటే ఇంకా కంగారు: పి నొక్కితే ప్రింటు పెట్టె, డబ్ల్యూ నొక్కితే ఉన్న కిటికీ మూతపడటం, ఎ నొక్కితే పత్రమంతా ఎంపిక కావడం, ఆ మరుక్షణం ఇంకేదైనా పడితే ఎంపికైనదంతా మాయమవడం. ఒక ఊరట ఏమిటంటే, రెండు కీలను కలిపి నొక్కగానే స్టికీ కీస్ తనంతట తాను ఆగిపోయే ఏర్పాటు విండోస్‌లో మొదటి నుంచీ ఉంది. రెండు కీలు కలిపి నొక్కగలిగిన మనిషికి తన అవసరం లేదని అది గ్రహిస్తుందన్నమాట. పూర్వం నుంచీ చాలామంది ఈ ఇబ్బంది నుంచి కారణం తెలియకుండానే బయటపడటానికి ఇదే కారణం.

ఫిల్టర్ కీస్ విషయంలో అటువంటి ఊరట లేదు, అందుకే అది ఎక్కువ నష్టం చేస్తుంది. చేతులు వణికేవారికి, ఒక కీ మీదికి పోబోయి పక్క కీలను తాకేవారికి, నొక్కిన వేలిని త్వరగా ఎత్తలేనివారికి పనికివచ్చే మూడు జల్లెడలు అందులో ఉన్నాయి. మొదటిది నిర్ణీత సమయం పాటు నొక్కి పట్టుకుంటే తప్ప కీని లెక్కలోకి తీసుకోదు; రెండవది ఒకే కీ వెంటనే మరోసారి పడితే రెండవదాన్ని వదిలేస్తుంది; మూడవది, కీని పట్టుకుని ఉంచితే అక్షరం వరుసగా పడుతూ పోకుండా ఆపుతుంది, లేదా నెమ్మది చేస్తుంది. పార్కిన్సన్స్ జబ్బుతో చేతులు వణికే వ్యక్తి రాసిన వాక్యాన్ని చదవదగిన వాక్యంగా నిలిపేవి ఇవే. అవసరం లేని వ్యక్తి కంప్యూటరులో ఇవి మేలుకుంటే మాత్రం కనిపించే లక్షణాలన్నీ కీబోర్డు పాడైన లక్షణాల్లాగే ఉంటాయి. వేగంగా కొట్టిన అక్షరాలు పడవు. బ్యాక్‌స్పేస్ పట్టుకుంటే చెరిగిపోతూ పోవలసినది ఒక్క అక్షరంతో ఆగుతుంది. ఒకే అంకె పక్కపక్కన రెండుసార్లు ఉన్న పాస్‌వర్డులో ఒక అంకె పడదు. చుక్కలుగా మాత్రమే కనిపించే ఆ గడిలో పొరపాటు ఎక్కడ జరిగిందో కంటికి తెలిసే వీలు లేదు కాబట్టి, పాస్‌వర్డు సరిగానే గుర్తున్నా తప్పని తిరిగి వస్తూనే ఉంటుంది. కీబోర్డును తలకిందులు చేసి దులపడం, రిపేరు దుకాణానికి తీసుకుపోవడం, కొత్తది కొనడం దాకా వెళ్లేవారు ఉన్నారు. కొత్త కీబోర్డు తగిలించినా అదే జరుగుతుంది, ఎందుకంటే జల్లెడ ఉన్నది కీబోర్డులో కాదు, ఆపరేటింగ్ సిస్టమ్‌లో. తెర అడుగున గడియారం పక్కన స్టాప్‌వాచీ ఆకారంలో చిన్న గుర్తు ఒకటి కనిపిస్తే అది ఫిల్టర్ కీస్ ఆన్‌లో ఉన్నట్టు. కుడి షిఫ్ట్‌ను మళ్లీ ఎనిమిది సెకన్లు పట్టుకుంటే ఆగిపోతుంది. ఈ చిన్న సంగతి కీబోర్డు అమ్మేవారికీ, బాగుచేసేవారికీ, కంప్యూటరు నేర్పేవారికీ తెలిసి ఉండటం ఎంతైనా అవసరం.

మిగిలిన రెండూ ఇంత బాధ పెట్టవు. మౌస్ కీస్ ఆన్ అయితే కుడివైపు అంకెల కీలు తెర మీది బాణం గుర్తును కదిలిస్తాయి, కనుక ట్యాలీలో లెక్కలు ఎక్కిస్తున్న గుమస్తాకు అంకెలు పడకపోవడం తెలుస్తుంది గాని కారణం తెలియదు. టోగుల్ కీస్ క్యాప్స్ లాక్, నమ్ లాక్, స్క్రోల్ లాక్ నొక్కినప్పుడు కూత వేస్తుంది. ఆ దీపాలను చూడలేని అంధులకు అది అవసరమైన సమాచారం, చూపున్నవారికి కూడా ఒక్కోసారి ఉపయోగమే.

ఇప్పుడు లోపం ఎక్కడ ఉందన్న ప్రశ్నకు రావచ్చు. సదుపాయాలు నిర్దోషమైనవి. అయిదుసార్లు షిఫ్ట్ అన్న పిలుపు తన కాలానికి సరైనది, ఇంతకంటె మెరుగైన ఒంటి కీ పిలుపు ఇప్పటికీ సులభంగా దొరకదు. తప్పంతా ఆ పెట్టె ప్రవర్తనలో ఉంది. అది చేస్తున్న పని మీదికి వచ్చి కీబోర్డును తనవైపు లాక్కుంటుంది. టైపు చేస్తూ వేగంలో ఉన్నవారు తెర చూసేలోపే స్పేస్‌ బారో, ఎంటరో పడి, చదవని ప్రశ్నకు జవాబు నమోదైపోవచ్చు. 'నో' అన్న జవాబుకు అది ఇచ్చే విలువ ఆ ఒక్కసారికే. నూరుసార్లు వద్దన్న మనిషిని నూటొకటవసారి కూడా కొత్తగా అడుగుతుంది. ఈ పిలుపునే నిలిపివేయడానికి సెట్టింగ్స్‌కు తీసుకుపోయే లింకు ఆ పెట్టెలోనే ఉంది గాని, రెండు బటన్ల మధ్య కంగారుపడుతున్న కంటికి ఆనేట్టు ఉండదు. ఫైర్‌ఫాక్స్ బ్రౌజరులో ఎఫ్7 నొక్కితే, వెబ్ పేజీలో కర్సర్‌ను కీబోర్డుతో కదిలించే సదుపాయం గురించి ఇటువంటి ప్రశ్నే వస్తుంది. అక్కడ మళ్లీ అడగవద్దని చెప్పడానికి ఒక గడి ఎదురుగానే ఉంటుంది. రెండు మూడుసార్లు 'నో' అన్నాక విండోస్ కూడా, ఈ కంప్యూటరులో ఇకపై అడగాలా వద్దా అని తానే ఒకసారి అడగటం పెద్ద పని కాదు.

పిలుపును అసలు మొదటే ఆపి ఉంచితే పోదా అన్న వాదన కూడా ఉంది. ఇప్పటి మ్యాక్ కంప్యూటర్లలో జరిగినది అదే: షిఫ్ట్‌ను అయిదుసార్లు నొక్కి స్టికీ కీస్ ఆన్ చేసే వీలు ఉన్నా, సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఎవరో ఒకరు దాన్ని ఎంచుకుని ఉంటేనే అది పనిచేస్తుంది. సొంత కంప్యూటరు ఉన్నవారికి దానివల్ల చిక్కు లేదు. గ్రంథాలయంలోనో, బంధువుల ఇంట్లోనో పరాయి కంప్యూటరు ముందు కూర్చున్న ఒంటిచేతి మనిషికి మాత్రం, సహాయం అందుకోవడానికి ముందు మరొకరి సహాయం కోరవలసి వస్తుంది. ఒకరికి అప్పుడప్పుడు కలిగే చికాకును, ఇంకొకరికి పని అసలే జరగకపోవడాన్ని ఒకే తూకంలో వేయడం సమంజసం కాదు కాబట్టి, పిలుపు ఉండాలి, ప్రశ్న మర్యాదగా ఉండాలి అన్నదే న్యాయమైన పరిష్కారం. ఇటువంటి సర్దుబాటు అసాధ్యం కాదనడానికి మైక్రోసాఫ్ట్ చేసిన పనే రుజువు: తెర మీది మాటలను చదివి వినిపించే నరేటర్ విండోస్ కీ, ఎంటర్ రెండూ కలిపి నొక్కితే మొదలయ్యేది, 2017లో వచ్చిన విండోస్ 10 మార్పులలో దానికి కంట్రోల్‌ను కూడా జోడించడంతో, వేలు జారి నరేటర్ మాట్లాడటం మొదలుపెట్టే సందర్భాలు తగ్గే వీలు ఏర్పడింది.

ఆటల విషయంలోనైతే దారి చాలాకాలంగా తెలిసినదే. ఆట నడుస్తున్నంతసేపూ ఈ కీబోర్డు పిలుపులను తాత్కాలికంగా ఆపి, ఆట ముగిశాక ఉన్నవి ఉన్నట్టు తిరిగి పెట్టే విధానాన్ని మైక్రోసాఫ్ట్ ఆటల తయారీదారులకు ఉదాహరణ ప్రోగ్రాముతో సహా వివరించింది. ఆడే వ్యక్తి స్టికీ కీస్‌ను ముందే ఆన్ చేసుకుని ఉంటే దాన్ని ముట్టుకోకూడదన్న జాగ్రత్త కూడా అందులో ఉంది. ఆ కొద్దిపాటి శ్రమ తీసుకోని ఆటల వల్ల కలిగే చిరాకు, ఏ పాపమూ ఎరుగని సదుపాయం మీదికి మళ్లుతోంది.

తయారీదారులు చేసేవరకు వాడేవారు చేసుకోగలిగినది సులభమే. విండోస్ కీ, యు కీ కలిపి నొక్కితే ఈ సదుపాయాల సెట్టింగ్స్ నేరుగా తెరుచుకుంటాయి. విండోస్ 11లో వాటి పేరు యాక్సెసిబిలిటీ, విండోస్ 10లో ఈజ్ ఆఫ్ యాక్సెస్. అందులో కీబోర్డు విభాగంలోకి వెళితే స్టికీ కీస్, ఫిల్టర్ కీస్, టోగుల్ కీస్ దేనికది విడిగా కనిపిస్తాయి. గమనించవలసినది ఏమిటంటే, అక్కడ ప్రతిదానికీ రెండు మీటలు ఉంటాయి: ఒకటి సదుపాయానిది, రెండవది దాన్ని పిలిచే కీబోర్డు షార్ట్‌కట్‌ది. చాలామంది మొదటిది ఆఫ్‌లో ఉండటం చూసి, అంతా సరిగానే ఉందనుకుని వెనక్కి వచ్చేస్తారు, మర్నాడు మళ్లీ పెట్టె ఎదురైతే సెట్టింగ్ నిలవలేదని వాపోతారు. ఆపవలసినది షార్ట్‌కట్ మీట. లోపల జరిగే పని కూడా ఆసక్తికరమైనదే: విండోస్ తన సెట్టింగులను దాచుకునే రిజిస్ట్రీలో స్టికీ కీస్‌కు సంబంధించి మామూలుగా 510 అన్న విలువ ఉంటుంది, షార్ట్‌కట్‌ను ఆపితే అది 506 అవుతుంది. కూత వేయాలా, గుర్తు చూపాలా, ముందుగా అడగాలా వంటి నిర్ణయాలకు ఒక్కోదానికి ఒక్కో విలువ ఇచ్చి కూడిన మొత్తమది. షార్ట్‌కట్ విలువ 4. సదుపాయంలో మిగిలినదంతా యథాతథంగా ఉండి, అవసరమైననాడు సెట్టింగ్స్ నుంచి ఆన్ చేసుకునే వీలు అలాగే ఉంటుంది.

నలుగురూ వాడే కంప్యూటర్ల సంగతి వేరు. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో దివ్యాంగులు 2.68 కోట్లు, వారిలో కాళ్లు చేతుల కదలికకు సంబంధించిన వైకల్యం ఉన్నవారు సుమారు 54 లక్షలు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 రకాల వైకల్యాలలో సెరిబ్రల్ పాల్సీ, కండరాల క్షీణత, పార్కిన్సన్స్ జబ్బు ఉన్నాయి. వీరిలో చాలామందికి కంప్యూటరు ఎదురయ్యేది కళాశాల ప్రయోగశాలలోనో, ఊరి గ్రంథాలయంలోనో, ఇంటర్నెట్ సెంటరులోనో. అటువంటి చోట నిర్వాహకులు ఫిర్యాదులు భరించలేక అన్ని యంత్రాల్లోనూ ఈ షార్ట్‌కట్‌లను ఆపేయడం కంటె, వచ్చినవారు ఒక్కొక్కరు తమ ఖాతాతో లోపలికి వెళ్లే ఏర్పాటు చేయడం మేలు, ఎందుకంటే ఈ సెట్టింగు యంత్రానికి కాక వాడే వ్యక్తి ఖాతాకు సంబంధించినది. ఒకరు తమ ఖాతాలో ఆపుకున్నది పక్కవారి ఖాతాలో ఆగదు. ఖాతాలోకి ఇంకా వెళ్లని దశలో, పాస్‌వర్డు అడిగే తెర మీద కూడా అయిదుసార్లు షిఫ్ట్ పనిచేస్తుంది. పాస్‌వర్డులో ఒక పెద్దక్షరం ఉండి, షిఫ్ట్‌ను పట్టుకోవడానికి రెండో చెయ్యి లేనివారికి అక్కడ కావలసినది ఆ ప్రశ్న పెట్టే.